చుక్క అనే స్నేహితురాలు

స్కూలు గేటు దగ్గర తన కూతురి చెయ్యి పట్టుకుని ఎవరో ఆడమనిషి మాట్లాడుతుంటే లిఫ్టు మెకానిక్ చూశాడు.

రోజూ ఆ వేళకి అతను ఏదో ఒక భవనంలో, రెండంతస్తుల మధ్య వేలాడుతూ ఉంటాడు. ఆ రోజు పని తొందరగా తెమిలింది. ఒక్కసారైనా పిల్లని తనే ఇంటికి తీసుకెళ్దామని వచ్చాడు.

ఆవిడకి నలభై దాటి ఉంటాయి. వెలిసిపోయిన స్వెట్టరు, భుజాన గుడ్డసంచి.

"ఎవరండీ మీరు?"

ఆవిడ పిల్ల చెయ్యి వదల్లేదు. "పాప నాన్నగారా? మంచి వేళకి వచ్చారు. ముందు పాపని ఇంటికి తీసుకెళ్లండి. తరవాత తన ఫోను ఒకసారి..."

"నాన్నా, ఈవిడ చుక్కట," అంది కూతురు. మొహం పాలిపోయి ఉంది.

"చుక్కేంటి?"

"నా ఫ్రెండు. బొమ్మల యాప్‌లో. నా ఈడు పిల్లే అనుకున్నా."

మెకానిక్ ఆవిణ్ణి మళ్లీ ఎగాదిగా చూశాడు.

భార్య పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో మాటలు కరువు. "తిన్నావా?" "తిన్నా." "చదువుకున్నావా?" "ఊఁ." అంతటితో సరి. గోడలకి చెవులుంటాయంటారు గానీ, ఆ ఇంటి గోడలకి వినడానికి ఏమీ ఉండేది కాదు. పిల్ల ఒక మూల ఫోనులో బొమ్మలు గీసుకుంటూ కూర్చునేది. ఇంటిపట్టునే ఉంది కదా, ఎవరి జోలికీ పోవడం లేదు కదా అని అతను నిశ్చింతగా ఉండేవాడు. ఆ మధ్య పిల్ల ఏదో చెప్పబోతే కునికిపాట్లు పడుతూ ఊకొట్టాడు.

ఇప్పుడు చూస్తే ఇదీ సంగతి. పసిపిల్లలా నటించి, స్కూలు దాకా వెతుక్కుంటూ వచ్చిన మనిషి. ఇంకా అడగడానికి ఏముంది?

ఆవిణ్ణి ఒక్క తోపు తోశాడు. ఆవిడ తూలి గేటుకి కొట్టుకుంది. మోచెయ్యి చీరుకుంది.

"నా మాట వినండి. ముందు పాపని ఇక్కణ్ణుంచి..."

"చెప్పేదేదో పోలీసులకి చెప్పు. సిగ్గు లేదూ? తల్లి వయసుదానివి."

ఆ మాటకి ఆవిడ ఇక వాదించలేదు.

"సరే, వాళ్లనే పిలవండి," అంది. "వాళ్లు వచ్చేదాకా పాప చెయ్యి మాత్రం వదలకండి."

జనం మూగారు. తలా ఒక మాట అన్నారు. ఆవిడ తరఫున ఒక్కరూ నోరు విప్పలేదు. పోలీసు బండి ఎక్కుతూ ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, అతన్ని కాదు, పిల్లని.

ఇంటికి రాగానే ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"చుక్క చెడ్డది కాదు నాన్నా. అసలు..."

"ఇంకో మాట మాట్లాడకు."

ఆ రాత్రి ఇద్దరూ చెరో గదిలో పడుకున్నారు.

మర్నాడు ఇన్‌స్పెక్టరమ్మ కబురు పెట్టింది. పిల్లనీ, ఫోనునీ వెంటబెట్టుకుని వెళ్లాడు.

"మీ పాపకి బొమ్మలు నేర్పే మాస్టారు తెలుసా మీకు?"

"మాస్టారా? మేం ఎవర్నీ పెట్టలేదండీ."

"మీరు పెట్టలేదు. యాప్‌లో అతనే వచ్చి చేరాడు. నిన్న బడి వదిలాక ఎదురు సందులో కారులో ఉంటాను, ఒక్కదానివే రా అన్నాడు."

మెకానిక్ కూతురి వంక చూశాడు. పిల్ల తల వంచుకుంది.

"రానంటే నా ఫోటోలు అందరికీ చూపిస్తానన్నాడు నాన్నా. చుక్కకి ఒక్కదానికే చెప్పాను. వెళ్లొద్దంది. నీకు చెప్పమంది. చెబుదామనే అనుకున్నా..."

అతను పిల్లని దగ్గరికి లాక్కున్నాడు.

"ఆవిడ ముందు ఆ సందులోకే వెళ్లింది," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "కారు నంబరు చూసుకుని అప్పుడు గేటు దగ్గరికి వచ్చింది. గొడవ చూసి వాడు జారుకున్నాడు. నంబరు మా చేతిలో ఉంది కాబట్టి ఊరు దాటకముందే పట్టుకున్నాం. ఇన్నాళ్లూ చిన్నపిల్లనుకుని వాడు ఆవిడకి రాసిన చెత్తంతా దాచి మాకిచ్చింది. అంతకుముందు రెండు స్టేషన్ల గడప తొక్కిందట. మావాళ్లు పట్టించుకోలేదు."

"ఆవిడెక్కడున్నారండీ? కాళ్లు పట్టుకోవాలి నేను."

"పొద్దున్నే రైలెక్కేసింది. తోసినందుకు మీ మీద కేసు పెట్టాలా అని అడిగాను. తోసే తండ్రి ఉన్నాడు, ఆ పాప అదృష్టవంతురాలు అంది."

ఆవిడ ఫోన్ నంబరు అడిగితే, ఎవరికీ ఇవ్వొద్దందని చెప్పింది.

పిల్ల ఫోను తీసి చుక్క కోసం వెతికింది. చుక్క గీసిన బొమ్మలన్నీ మాయమయ్యాయి. ఆ ఖాతా తొలగించారని ఒక్క వాక్యం ఉంది.

"ఇంక నాతో మాట్లాడదా?" అంది పిల్ల.

ఇన్‌స్పెక్టరమ్మ పిల్లని మంచినీళ్లు తాగి రమ్మని బయటికి పంపింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఆ ఖాతా ఆవిడది కాదండీ, కూతురిది," అంది గొంతు తగ్గించి. "ఈ మాస్టారి సంగతి అమ్మతో చెప్పుకోలేక, పోయినేడు ప్రాణం తీసుకుంది ఆ పిల్ల."