గరగరమనే వైర్లు

“ఆ స్పార్క్ ప్లగ్గు వైర్లు వద్దమ్మాయ్. లోపల రాగి తీగ ఉంటుంది. ఇంజను నడుస్తున్నంతసేపూ రేడియోలో గరగర తప్ప ఇంకేం వినపడదు,” అన్నాడు స్పేర్ పార్టుల దుకాణం హెర్షెల్. “ఇవి తీసుకో. కార్బన్‌వి. నోరెత్తవు.”

“గరగరే నాకు కావాలి,” అంది వెర్నా.

“కారులో రేడియో ఒక్కటే కాదు, పక్కింటి వాళ్ళదీ గోల పెడుతుంది. తిట్టుకుంటారు.”

“తిట్టుకోనీ.”

మొగుడి మీద ఆమెకు ఒళ్ళంతా మంటగా ఉంది. శనివారం మధ్యాహ్నమైతే చాలు, క్లేటన్ నున్నగా గడ్డం గీసుకుని, సెంటు కొట్టుకుని, పాత ప్లిమత్ కారులో మాయమవుతాడు. “బేస్‌బాల్ కామెంటరీ వింటూ ఊరికే అలా తిరిగొస్తా” అంటాడు. చొక్కా మీది లిప్‌స్టిక్ మరక చూపిస్తే, “నీకు అనుమానపు జబ్బు పట్టింది, డాక్టరుకి చూపించుకో” అన్నాడు. ఆ మాట ఆమె మరిచిపోలేదు. అది ఎవతో తెలీదు. తెలిసేదాకా కనీసం ఆ కామెంటరీ అయినా వాడి చెవిన పడకూడదు!

ఇంటికొచ్చి తనే బోనెట్ ఎత్తింది. వైర్ల వరస తప్పితే ఇంజను దగ్గుతుంది. అందుకని పాతది ఒకటి పీకడం, అక్కడే కొత్తది తొడగడం, అలా అన్నీ మార్చేసింది. క్లేటన్ మురిసిపోయాడు. “మెకానిక్కు కూతురివనిపించావే!”

శనివారం చర్చిలో బొంతలు కుట్టడానికని బయల్దేరిన వెర్నా, దారిలో మనసు మార్చుకుని స్నేహితురాలు ఓపల్ ఇంటికి బస్సెక్కింది. చేసిన పని ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

ఓపల్ వంటింట్లో రేడియో పాడుతోంది. బల్ల మీద పీచ్ పళ్ళు కూరి కాల్చి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన ‘పీచ్ పై’ ఘుమఘుమలాడుతోంది.

“వాడి కామెంటరీకి మంగళం పాడేశానే! కారు కదిలితే చాలు, రేడియోలో గరగర!” అంది వెర్నా.

“ఎందుకే పాపం? మగాళ్ళన్నాక ఏదో ఒకటి ఉంటుంది. వదిలెయ్యి.”

“వదలడమా? అది దొరకనీ, జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడుస్తా.”

“సరేలే. ఇక లే, నీ బస్సు వెళ్ళిపోతుంది,” అంది ఓపల్ గోడ గడియారం వంక చూస్తూ.

“ఓ ముక్క పీచ్ పై కొయ్యవే, తినేసి పోతా.”

“ఇంకా చల్లారలేదే.”

అంతలో రేడియో సన్నగా గరగరమంది. చూస్తుండగానే ఆ గోల పెరిగి పాటను మింగేసింది.

“ఎక్కడో ఉరుముతున్నట్టుంది,” అంది ఓపల్. ఆమె మొహం పాలిపోయింది.

కిటికీ బయట ఎండ పెళపెళలాడుతోంది. వెనక సందులో ఏదో కారు వచ్చి ఆగింది. ఇంజను ఆగగానే రేడియోలో పాట మళ్ళీ శుభ్రంగా వినపడింది. పెరటి మెట్ల మీద బూట్ల చప్పుడు.

వెర్నా లేచి చేతిసంచి బల్ల మీద పెట్టింది. జుట్టు బిగించి ముడి వేసుకుంది.

“నువ్వు పీచ్ పై కొయ్యవే ఓపల్. తలుపు నేను తీస్తా.”