నాలుగు లక్షల మంది చూడని వల

సంఘమంతా కలిసి చెరువులో చేపలు పట్టే రోజుకు ఇంకా పద్దెనిమిది దినాలుందనగా, నల్లచెరువులో ఎవడో అప్పుడే వల దించేశాడని ఒక పాట వీడియో బయటపెట్టింది.

పొద్దున్నే కట్ట మీదికి షికారుకొచ్చిన కండ్లకోయ కాలేజీ పిల్లలు తీసిన వీడియో అది. నీళ్ల నడుమ థర్మాకోల్ తెప్ప. దాని మీద తలకు తువాలు చుట్టుకున్న మనిషి. కట్టకు వీపు తిప్పి కూర్చుని, బోర్లించిన నూనె డబ్బా మీద రెండు కట్టెలతో తీన్మార్ దంచుతున్నాడు. దరువు ముగిసినప్పుడల్లా అరచేత్తో నీళ్లను చరుస్తున్నాడు. 'చెరువు మీద కచేరీ' అని పేరు పెడితే రెండు రోజుల్లో నాలుగు లక్షల మంది చూశారు.

ఆ మోత చెవిన పడగానే మత్స్యకారుల సంఘానికి మాత్రం ఒళ్లు మండింది. చెరువులో డబ్బా కొట్టేది చేపను బెదరగొట్టి వలలోకి తోలడానికి. పట్టే రోజుకు ముందు వల దించినవాడి పేరు సంఘంలో ఉండదు. పేరు పోతే చెరువులో వాటా పోతుంది, ఆ ఇంటికి బతుకే పోతుంది.

ముఖం కనబడకపోయినా, బజార్లో చేపలమ్మే నాగమణికి ఆ వీపు తన మొగుడు శ్రవణ్‌దని తెలుసు. ఆ చొక్కా తను ఉతికిందే.

"గిట్ల కొట్టెటోడు ఊర్ల ఇంకెవడున్నడు భాయ్? మా బిడ్డ ఆఫ్షీన్ పదిసార్లు చూసింది!" అన్నాడు చేపలు కొనే జలాల్. పంచాయితీకి సంఘం భవనంలో కూడినవాళ్లలో నలుగురు నవ్వారు. నాగమణి కొంగు ముఖం మీదికి లాక్కుంది.

అధ్యక్షుడు యాదగిరి కుర్చీలో ముందుకు వంగాడు. నాగమణికి తండ్రి, శ్రవణ్‌కి మామ. "అల్లుడని నేను ఇడిసిపెడతననుకోకుండ్రి. శ్రవణ్, తెప్ప మీద ఉన్నది నువ్వేనా?"

"నేనే మామా."

"డబ్బా కొట్టింది?"

"నేనే."

"ఇగ అడిగేదేముంది? ఒప్పుకున్నడు. పేరు కొట్టేద్దాం," అన్నాడు యాదగిరి.

నాగమణి ఉండబట్టలేక మొగుడి ముందుకొచ్చింది. "ఏందయ్యా గిది? ఇంట్ల బియ్యం లేవా? నాయిన ముంగట నా ఇజ్జత్ తీస్తివి గద! దొంగ పెండ్లామని రేపు బజార్ల నా తట్టల చెయ్యెవరు పెడతరు?"

"ఇంటికి పోయినంక మాట్లాడుదాం నాగమణీ."

"ఇల్లేడుంది ఇగ? నీతోని నేను రాను."



మూలన కూర్చున్న ఈదమ్మ చెయ్యి చాపింది. ఊళ్లో అందరికీ వలలు అల్లేది ఆవిడే. "జలాలూ, ఆ ఫోన్ ఇటు తే బిడ్డా. అందరు చూసిండ్రు, నేనొక్కదాన్నే చూడలే."

"అవ్వా, నువ్వు గూడ డ్యాన్స్ చేస్తవా ఏంది?"

"నీ పెండ్లికి చేసిన, సాలు. మోత బంద్ చెయ్. బొమ్మ పెద్దగ చెయ్."

ఈదమ్మ తెర ముక్కుకి ఆనించుకుని చూసింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ చూసింది.

"తెప్ప చుట్టూ నీళ్ల మీద నీలంగ తేలేటియి ఏంది?"

"వలను తేల్చే బెండ్లు," అన్నాడు జలాల్.

"అంటే వల ఆడనే ఉన్నది, వీడు దాని మీదనే కూసున్నడు. చేపను తోలెటోడు దూరంకెళ్లి డబ్బా కొట్టుకుంట వలకాడికొస్తడు. వల మీదనే కూసోని మోత చేస్తే చేప వలల పడతదా, వలను ఇడిసి ఉరుకుతదా?"

యాభై మంది చెరువు మనుషులు తలలు దించుకున్నారు. కాలేజీ పిల్లలకైతే తెలియకపోవచ్చు, వీళ్లకు తెలియాల్సిందే.

"చేపల్ని ఎల్లగొడుతున్నవా బిడ్డా?" అడిగింది ఈదమ్మ.

శ్రవణ్ ఆవిడ వైపు తిరిగాడు. "పొద్దుగాల పోయేసరికి వల కనబడ్డది. గుంజుదామంటే కట్ట మీద పోరగాండ్లు చూస్తుండ్రి, ఎవరిదని లొల్లయితది. అందుకే పాట లెక్క కొట్టిన. ఒట్టి వల చూసుకోని, ఏసినోళ్లే సప్పుడు చెయ్యక తీసుకపోతరనుకున్న."

నాగమణికి చెంపలు కాలిపోయినట్టయింది. ఇంతమందిలో అతణ్ని ఎన్నేసి మాటలంది! అతని పక్కన కూలబడి మెల్లగా అడిగింది. "గప్పుడే చెప్పకపోతివా? ఎవరిదది?"

శ్రవణ్ తల అడ్డంగా ఊపాడు.

"వాడు చెప్పడు," అంది ఈదమ్మ. "అల్లిందాన్ని నేను. బెండ్లకు బదులు నీలం చెప్పు ముక్కలు కట్టిచ్చుకున్నది ఊర్ల ఒక్కడే. నన్ను చెప్పుమంటే చెప్త. ఆయన నోట్లకెళ్లొస్తే మర్యాదుంటది."

 అధ్యక్షుడి కుర్చీ కిర్రుమంది. యాదగిరి లేచాడు. భుజం మీది కండువా తీసి కుర్చీలో పెట్టాడు. నడుచుకుంటూ వచ్చి అల్లుడి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నాయినా?" అంది నాగమణి.

"వల నాదే బిడ్డా," అన్నాడు యాదగిరి, తల ఎత్తకుండానే. "అధ్యక్షుని తెప్పను ఎవ్వడు సోదా చెయ్యడు గద, ఆ ధైర్యంతోని ఏసిన. పోయినేడు దొంగ అని మనం ఎల్లగొడితే, పెండ్లాం పిల్లలతోని బహదూర్‌పల్లికి పోయి గేటుకాడ కావలి ఉంటున్నడు గద అంజయ్య... అప్పుడు దొరికిన వల గూడ నాదే."