నాగపూరుకు ఇంజను

“భిక్షపతి బాగుచేసిన లారీ ఇంజను నాగపూరుకు ముఫ్తుల పోతదంట!” అని పక్కింటి మాణిక్యమ్మ మాదన్నపేట మార్కెట్టంతా చాటిందని భాగ్యశ్రీ మొగుడికి చెప్పింది.

“ముఫ్తు కాదే, సగం డీజిలు పోస్తే చాలు. ఉల్లిగడ్డలు దించి ఖాళీగ వాపస్ పోయే లారీ ఇది,” అన్నాడు భిక్షపతి. శుక్రవారంలోగా ఇంజను చేరకపోతే అక్కడి గిరాకీ చేజారుతుంది.

ఎనిమిది మంది గొలుసులేసి ఇంజనును లారీలోకి ఎక్కించారు. డ్రైవర్ జోయెల్ తాళం తిప్పాడు. లారీ గురగురమని ఆగిపోయింది. మళ్లీ తిప్పినా అంతే.

“గిందుకేనా భాయ్, గింత అగ్గువకు ఒప్పుకున్నవ్?” అన్నాడు భిక్షపతి.

“నీ సామాను నా బండ్ల ఉంటే, నా ఇంజను జల్దీ బాగుచేస్తవ్ కదన్నా,” జోయెల్ నవ్వాడు.

భాగ్యశ్రీ కొంగు దోపింది.

“గంత తిప్పలెందుకు? ఎక్కించిన ఇంజనే ఈ లారీకి బిగించు. నాగపూరుకు అదే నడుసుకుంట పోతది.”