ఎదుట లేని పులుసు

“మా ఆయనకు ఏం మందు పెడ్తున్నవ్ మాసమ్మా?” స్టీలు డబ్బాతో హోటల్ వంటింట్లోకి దూసుకొచ్చింది సులోచన. “ఇంట్ల ముద్ద నోట్ల పెట్టంగనే, మాసమ్మ పచ్చిపులుసు ముందు ఇదేం పులుసు అంటడు. ఏండ్ల సంది ఇదే పాట! ఇగో, ఇది నేను చేసింది. రుచి చూసి చెప్పు, ఏం తక్కువైంది?”

మాసమ్మ గరిటె కింద పెట్టింది. “ఎవరు, మనోహర్ సారా? ఈడికొచ్చి, మా ఇంట్లామె పులుసు ముందు ఇది కుడితి అంటడు గదమ్మా!”

అర్ధరాత్రి దాటినా పొయ్యి ఆరని ఆ హోటల్ గురించి చిక్కడపల్లిలో తలకో మాట అంటారు. ఒకే తలకు రెండు మాటలుండడం మాత్రం ఇద్దరూ అప్పుడే విన్నారు.

అంతలో బయటి నుంచి మనోహర్ కేక. “మాసమ్మా, పులుసు జల్ది తే!”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాసమ్మ డబ్బాలోని పులుసు గిన్నెలోకి ఒంపుకుని వెళ్లింది. సులోచన తెర చాటున నిలబడింది.

మనోహర్ ఒక ముద్ద తిని మొహం చిట్లించాడు. “ఇన్నేండ్లాయె, ఇంకెప్పుడు నేరుస్తవ్? మా సులోచన చేస్తే గల్లీలోళ్లకు నోరూరాలె!”

సులోచనకు ఒళ్లు మండింది. కానీ అంతకంటే ముందే మొహం వెలిగింది. పెళ్లయ్యాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

మాసమ్మ తిరిగొచ్చి మూతి ముడిచింది. “నీకైతే దక్కింది. మరి నా మెప్పు?”

“రేపు ఐతారం, ఆయన ఇంట్లనే ఉంటడు. నీ పులుసు తెచ్చి మా వంటింట్ల కూసో. నాదని చెప్పి వడ్డిస్త. నీ మెప్పు ఆడ దొరుకుతది.”