రాగిరేకు మీది ముఖం

"ఇది దొరసానిగారి ముఖమా? నీ ముఖం!"

ప్రోస్పెరో తడి ఆరని అచ్చును కిటికీ వెలుతురులో పట్టి చూశాడు. బొలోన్యా నగరంలో ఉరికి వెళ్ళేవాళ్ళకు తోడు నడిచే సంఘానికి ఆయన పెద్ద. బొమ్మలో మేరీమాత పాదాల దగ్గర, డబ్బిచ్చి దాన్ని చేయిస్తున్న లుదోవికా దొరసాని వంశచిహ్నం ఉంది. మాత ముఖం మాత్రం రాగిరేకు చెక్కిన ఒర్సోలాదే, గడ్డం మీది పుట్టుమచ్చతో సహా.

"పైగా పదేళ్ళు తగ్గించుకున్నావు. ఒక్క ముడతా లేదు! ఈ వయసులో ఇదేం సోకమ్మా?"

ఒర్సోలా చేతుల సిరా తుడుచుకుంది.

"తప్పే. ఈ ముఖం చెరిపేసి ఆవిడ ముఖం చెక్కుతాను. ఊళ్ళో పంచే బొమ్మలన్నిట్లో ఆవిడే ఉంటుంది. ఈ ఒక్క అచ్చు మాత్రం శుక్రవారం మీ పలకకు అంటించండి."

"ఉరితీసేటప్పుడు ఆ గుర్రాలదొంగ ముందు పట్టే పలకకా? పోయేవాడికి ఆఖరున కనబడేది తన ముఖమే కావాలని దొరసాని ముచ్చట."

"శుక్రవారానికి ఆ ముఖం అవదు ప్రోస్పెరోగారూ. ఉత్త పలక పట్టుకెళ్తారా?"

"ఆవిడ చెవిన పడితే నా పదవి ఊడుతుంది."

"ఉరికంబం దగ్గరికి ఆవిడెందుకొస్తుంది? చూసేది వాడొక్కడే కదా."

ప్రోస్పెరో గడ్డం గోక్కున్నాడు. "అదీ నిజమే. జైలు గుమ్మం నుంచి నిచ్చెన దాకా పలక వాడి ముక్కుకు ఆనించినట్టే పడతాం. జనం కనబడకూడదు, తాడు కనబడకూడదు."

"నిచ్చెన ఎక్కాక కూడా తియ్యకండి."

"తియ్యంలే. ఎవరికైనా కబురు చెయ్యాలా అంటే, నాకెవరూ లేరన్నాడు. ఇక వాడికి ఈ బొమ్మే దిక్కు."

"అలా అన్నాడా?" అంది ఒర్సోలా.

ఆయన అచ్చు తీసుకుని గుమ్మంలో ఆగి నవ్వాడు. "ఎంత గర్వమమ్మా నీకు! దొంగవెధవ చేత కూడా దండం పెట్టించుకుంటావా?"

"దండం వద్దు. ఒక్కసారి చూస్తే చాలు."

ఆయన వెళ్ళాక తలుపు గడియ వెయ్యబోయి ఆగిపోయింది. పదేళ్ళ కిందట పట్టరాని కోపంతో వేసిన గడియే అది. అవతల నుంచి ఎంతసేపు తలుపు కొట్టినా ఆనాడు తియ్యలేదు.

వెనక్కి వచ్చి, వెనకవైపు నుంచి కొట్టి ముఖం చెరపడానికి రాగిరేకును బోర్లించి సుత్తి అందుకుంది. కొట్టకుండానే సుత్తి పక్కన పెట్టేసింది. మళ్ళీ వెల్లకిలా తిప్పి, ముడతల్లేని ఆ చెంపల్ని వేలితో తడిమింది.

వాడు చివరిసారి చూసిన అమ్మ ముఖం అదే.