మంగతాయారు దిద్దిన గీత

నరసాపురంలో ఇప్పుడు ఇంటింటా ఆసుపత్రి స్కాన్‌లో తీసిన మెదడు బొమ్మలు దిద్దే పనే. యంత్రం మెదడు అంచు వెంబడి గీత గీస్తుంది. అది తప్పిన చోట ఆడవాళ్లు వంట మధ్యలో తెర మీద వేలితో సరిచేస్తారు. సొంతింటివాళ్ల బొమ్మ ముట్టుకోకూడదు కాబట్టి ఇరుగుపొరుగు మార్చుకుంటారు.

సర్వలక్ష్మి మామగారు వీర్రాజు గోదావరి మీద జనాన్ని దాటించే పంటు నడుపుతాడు. ఆయన లైసెన్సుకు మెదడు బాగుందని చూపాల్సిన బొమ్మను పక్కింటి మంగతాయారు దిద్ది, చింతచిగురు పప్పు గిన్నెతోపాటు తెచ్చిచ్చింది.

సర్వలక్ష్మి బొమ్మ తెరిచింది. కణత లోపల మెదడు కరిగి గుంటపడింది. యంత్రం గుంట వెంబడే సరిగ్గా గీస్తే, మంగతాయారు దాన్ని చెరిపేసి, గుంట కనబడకుండా పైనుంచి నున్నగా గీసింది. మొన్న మామగారు ఆగాల్సిన రేవు మరిచిపోయి పంటును ముందుకు పోనిచ్చేయడం సర్వలక్ష్మికి గుర్తొచ్చింది. ముట్టుకోకూడదన్న నియమం పక్కనపెట్టి, యంత్రం గీసిన పాత గీతే మళ్లీ పెట్టింది.

“ఏంటమ్మా సెరిపేత్తన్నావు?” అన్నాడు వీర్రాజు, భోజనానికి కూర్చుంటూ.

“మంగ పిన్ని మొహమాటానికి గుంట పూడ్చేసింది, మావయ్యా.”

ఆయన వంగి బొమ్మలో గుంట చూశాడు. మొలతాడుకున్న పంటు తాళంచెవి విప్పి గిన్నె పక్కన పెట్టాడు.

“ఆవిణ్ణేం అనకు. పప్పు బాగుందని సెప్పి గిన్నె ఇచ్చెయ్.”