స్పీడా, మెమరీయా?

"మెమరీ ఎక్కువున్నదే తీసుకుందాం," అన్నాడు భర్త.

"స్పీడున్నది," అంది భార్య.

"ఏంటి? మళ్లీ చెప్పు."

"స్పీడున్నది కావాలంటున్నాను."

కంప్యూటర్ల షాపతను చాలాసేపటి నుంచి వాళ్లిద్దరి మధ్య నలుగుతున్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. బల్ల మీద రెండు చిన్న లాప్‌టాప్‌లు తెరిచి ఉన్నాయి. ఒకదానిలో మెమరీ పెద్దది, వేగం అంతంతమాత్రం. రెండోది చిటికేస్తే లేస్తుంది, మెమరీ మాత్రం దానిలో సగమే. రెండూ ఉన్నది కొనే స్తోమత వాళ్లకు లేదు. తర్వాత మెమరీ పెంచుకుందామన్నా ఆ మోడళ్లలో కుదరదు. ఏదో ఒకటి ఇవాళే తేల్చుకోవాలి.

ఇలాంటి జంటలు షాపతనికి కొత్త కాదు. పోట్లాడుకునే మొగుడూ పెళ్లాలు చివరికి ఏదో ఒకటి కొనే వెళ్తారు. ఒకే మాట మీద ఉన్నవాళ్లే "ఇంట్లో ఆలోచించుకుని వస్తాం" అని అజాపజా లేకుండా పోతారు. అందుకే ఓపిక పట్టాడు.

"ఇంతకీ దేనికి వాడతారు మేడమ్?"

"నేను రికార్డు చేసినవి ఉన్నాయి. ఏది కావాలంటే అది నొక్కగానే రావాలి."

ఆమె ఒకటో తరగతి టీచరు. బడి నుంచి రాగానే, బయటి చప్పుడు పడకుండా బట్టల బీరువాలో తల పెట్టి, నెత్తిన దుప్పటి కప్పుకుని మైకులో మాట్లాడుతోంది. వీధిలో హారన్ మోగితే మళ్లీ మొదటికే. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. ఆదివారంలోగా అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని సిద్ధంగా ఉండాలి. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరేమో మొరాయిస్తోంది. అది తలచుకుంటేనే ఇద్దరికీ గాభరాగా ఉంది.

"ఓ, చానెల్ పెడుతున్నారా?" అన్నాడు షాపతను.

ఆమె భర్త వైపు చూసింది. భర్త బల్ల వైపు చూశాడు.

"అలాంటిదే," అంది. "కొన్ని విడిగా డిస్కులో దాచుకోవచ్చుగా?"

"దాచుకోవడానికైతే అది చాలు మేడమ్. నొక్కగానే రావాలంటే మాత్రం మెమరీలోకి ఎక్కాల్సిందే. సగం మెమరీ అంటే సగమే ఎక్కుతాయి."

"అయితే సగం తీసేద్దాం. పనికిరానివి బోలెడున్నాయి."

"అందులో పనికిరానిది ఒక్కటీ లేదు," అన్నాడు భర్త.

"విసుక్కున్నవీ, ఆవలించినవీ కూడా ఉండాలా?"

"ఏంటి?"

"ఆవలింతలు కూడా ఉండాలా అంటున్నా."

"ఉండాలి."

పాపం, ఈయనకు చెవుడు కాబోలని షాపతను క్యాషియర్‌తో గొణిగాడు.

"చెవులు బాగానే ఉన్నాయి," అన్నాడు భర్త, అటు తిరక్కుండానే.

షాపతను నాలుక్కరుచుకున్నాడు. అయితే పెళ్లాం మాటంటే లెక్కలేని మనిషన్నమాట అనుకున్నాడు. మాట మార్చడానికి ఆమె తెచ్చిన పెన్‌డ్రైవ్ తీసుకుని, అందులోవి రెండు లాప్‌టాప్‌ల్లోకీ ఎక్కించాడు. ముందు మెమరీ ఎక్కువున్నదాని మీద నొక్కాడు. ఏమీ రాలేదు. ముగ్గురూ స్క్రీన్ వైపే చూస్తూ నిలబడ్డారు. అప్పుడు తీరిగ్గా వచ్చింది ఆమె మాట: "తలుపు మెల్లగా వెయ్యి తల్లీ, ఇల్లు కూలిపోతుంది."

రెండోదాని మీద వేలు పెట్టీపెట్టకముందే అదే మాట ఠక్కున వినిపించింది.

"కామెడీ చానెలా మేడమ్? బాగుంది," అని నవ్వాడు షాపతను.

"చూశారా?" అంది ఆమె భర్తతో. "మొదటిదాంట్లో నా మాట బయటికొచ్చేసరికి వినేవాళ్లు వీధి చివర ఉంటారు."

"ఉండరు. ఆగుతారు."

"ఎవరాగుతారు? మన పిల్ల ఆగుతుందా? మీరు ఆగుతారా? మాటకు మాట అప్పటికప్పుడు పడాలి. ఆలస్యంగా వచ్చిన జవాబు ఎంత గొప్పదైనా పోట్లాటలో ఓడిపోయినట్టే."

"నేను ఆగుతాను," అన్నాడు.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అరిగిపోయిన నట్లూ బోల్టులూ కూడా డబ్బాల్లో దాచే రకం. పారేసిన మర్నాడే దాని అవసరం పడుతుందని అతని అనుభవం. ఇప్పుడు ఏది తీసేయమన్నా అతనికి ప్రాణం ఒప్పడం లేదు.

"డిస్కులో పడేస్తే మూలన పడేసినట్టే," అన్నాడు. "ఉండీ లేనట్టే."

ఆమె సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. సీసాలోంచి రెండు గుక్కల గోరువెచ్చని నీళ్లు తాగింది.

"ఏమండీ, అన్నీ ఉండి ఏదీ సమయానికి అందకపోతే ఏం లాభం? కొన్నే ఉండనివ్వండి. పిలిస్తే పలికేవి ఉండనివ్వండి."

"ఏంటి?"

ఈసారి ఆమె విసుక్కోలేదు. అదే మాట మళ్లీ మొదటి నుంచి, ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది. అతను తల వంచుకుని విన్నాడు.

"సరే. నీ మాటే నెగ్గనీ," అన్నాడు. "మిగతావి డిస్కులో నా దగ్గరుంటాయి. ఒక్కటి కూడా చెరపొద్దు."

షాపతను హమ్మయ్య అనుకున్నాడు. స్పీడున్నదాన్ని అట్టపెట్టెలో సర్ది, టేపు వేసి, భర్త చేతికిచ్చాడు. గుమ్మం దాకా వచ్చి, సాటి మగాడిగా ఓదార్చబోయాడు.

"ఆడవాళ్లతో వాదించి నెగ్గినవాళ్లెవరున్నారు సార్? ఇది తీసుకున్నారుగా, ఇంక ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుంది లెండి."

భర్త మొహం పాలిపోయింది. భార్య మాత్రం గట్టిగానే నవ్వి, భర్త మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

సోమవారం పొద్దున్న ఆపరేషన్‌లో ఆమె స్వరపేటిక తీసేస్తారు, ఆ తర్వాత ఆమె ఏం చెప్పాలన్నా ఆ పెట్టెలోని కంప్యూటరే ఆమె గొంతుతో చెప్పాలి.